ఆనందయ్య మందు: 2021 మే 31న అసలేం తేలింది?

నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకు ఇచ్చిన నాటు మందు మీద వాదన మళ్లీ రాజుకుంది. సైన్సుకు అందనివి ఉంటాయని ఒకరు, అంతా మూఢనమ్మకమని ఒకరు. కరోనా రెండో వేవ్‌లో ముత్తుకూరు దారి అంబులెన్సులతో నిండిపోవడం, పంపిణీ ఆగిపోవడం అందరికీ తెలిసినవే. ఇవాళ్టి గొడవకు మూలం మాత్రం 2021 మే 31 నాటి రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయంలో ఉంది.

ఆ రోజు కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి నివేదిక చూసి ఆ మందులో పి, ఎల్, ఎఫ్ అనే రకాలకు అనుమతిచ్చారు. కంట్లో వేసే చుక్కలకు అప్పటికి ఇవ్వలేదు. అదే ప్రకటనలో ఇంకో మాట ఉంది: ఈ మందుతో కోవిడ్ తగ్గుతుందన్న నిర్ధారణ లేదు, డాక్టర్లు రాసిన మందులు మానొద్దు. జనానికి చేరింది అనుమతి ఒక్కటే. హాని లేదని తేలిందే తప్ప, పనిచేస్తుందని తేలలేదు. ఈ తేడాను ఊరూరా విడమరిచి చెప్పాల్సిన వాళ్లు చెప్పలేదు. అక్కడే అంతా చెడింది.

మందు వాడినవాళ్లకు ఫోన్ చేసి అడిగితే నిజం తెలియదా? తెలియదు. కోవిడ్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఏ మందూ లేకుండానే కోలుకున్నారు. చుక్కలు వేయగానే ఆక్సీమీటర్‌లో అంకె పెరిగిందని వీడియోలు తిరిగాయి. గట్టిగా ఊపిరి పీల్చినా ఆ అంకె పెరుగుతుంది, వేళ్లు చల్లబడితే తగ్గుతుంది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు సంగతి చూడండి. 2020లో బ్రిటన్‌లో అది ఇచ్చిన 2,104 మంది కోవిడ్ రోగులను, ఇవ్వని 4,321 మందితో పోల్చారు. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆనందయ్య మందుకు కావాల్సింది అలాంటి పోలికే.

నమ్మినవాళ్లనూ తప్పుపట్టలేం. బెడ్లు దొరకని రోజుల్లో పైసా తీసుకోకుండా మందిచ్చిన మనిషి మీద కృతజ్ఞత ఉంటుంది. దాన్ని ఏ ల్యాబూ కొలవలేదు, కొలవనక్కర్లేదు. రొట్టెల పండుగలో నెల్లూరు స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకునే వాళ్లను రుజువు చూపమని ఎవరూ అడగరు. అది దేవుడికి చెప్పుకునే మొక్కు. ఫలానా రోగం తగ్గిస్తానని చెప్పే మందు అలా కాదు, దాన్ని పరీక్షించే తీరాలి.

2021 డిసెంబరులో ఒమిక్రాన్‌కూ మందుందని ఆనందయ్య చెప్పినప్పుడు అడ్డుచెప్పింది హేతువాదులు కాదు, కృష్ణపట్నం వాళ్లే. బయటి రోగులు వస్తే ఊరికి అంటుకుంటుందని వాళ్ల భయం.