ఒకే ఓటింగ్‌కు నాలుగు పేర్లు

బ్యాలెట్‌పై అభ్యర్థులకు మన ఇష్టం కొద్దీ 1, 2, 3 అని ప్రాధాన్యాలు ఇస్తాం. మొదటి ప్రాధాన్య ఓట్లు ఎవరికీ సగం దాటకపోతే అట్టడుగున ఉన్న అభ్యర్థిని తొలగించి, ఆ బ్యాలెట్లను తర్వాతి ప్రాధాన్యం ప్రకారం మిగిలినవాళ్లకు పంచుతారు. ఒకరు సగం దాటేదాకా ఇదే వరస. 1870 ప్రాంతంలో అమెరికాలో ఈ పద్ధతిని రూపొందించింది విలియం వేర్ అనే ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్. 1918లో ప్రతినిధుల సభ ఎన్నికలకు దీన్ని తీసుకున్న ఆస్ట్రేలియా 'ప్రిఫరెన్షియల్ ఓటింగ్' అంది. బ్రిటన్‌లో ఇదే 'ఆల్టర్నేటివ్ ఓట్'. 2011 రెఫరెండంలో ప్రజలు వద్దన్నది దీన్నే. అమెరికాలో 1990లకల్లా 'ఇన్‌స్టంట్ రనాఫ్' అయింది; రనాఫ్ అంటే రెండో విడత పోలింగ్.

శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు 2002లో ఈ పద్ధతికి ఒప్పుకున్నారు. 2004లో అమలుకొచ్చేసరికి అక్కడి ఎన్నికల అధికారులకు 'ఇన్‌స్టంట్' అన్న మాటతోనే టెన్షన్. రెండో విడత పోలింగ్ అక్కర్లేదన్నది దాని ఉద్దేశం. ఓటరుకు మాత్రం ఆ రాత్రికే ఫలితం తేలిపోతుందన్నట్టు వినిపిస్తుంది. అందుకే 'ర్యాంక్‌డ్ ఛాయిస్ ఓటింగ్' అన్నారు. బ్యాలెట్‌లో మొదటి, రెండో, మూడో ఎంపికలకు పక్కపక్కనే మూడు నిలువు వరుసలు పెట్టారు. ఓటరు చేతిలో ఉన్న పని పేరులోనే ఉంది. నా దృష్టిలో అది చాలా మంచి మార్పు.

కానీ ర్యాంకులు అడిగే పద్ధతి ఇదొక్కటే కాదు. ఫ్రాన్స్‌లో 18వ శతాబ్దంలోనే బోర్డా అనే గణితవేత్త ర్యాంకులకు మార్కులు కట్టి కూడమన్నాడు. అక్కడి మరో గణితవేత్త కాండోర్సే అభ్యర్థులను ఇద్దరిద్దరిగా పోల్చి, మిగతా అందరినీ ఓడించగలిగినవాళ్లే నెగ్గాలన్నాడు. బ్యాలెట్ అదే అయినా లెక్క మారితే విజేత కూడా మారవచ్చు. 2009లో వెర్మాంట్ రాష్ట్రం బర్లింగ్టన్ మేయర్ ఎన్నికలో ఇది కళ్లకు కట్టింది. ముఖాముఖి పోలిస్తే ఆండీ మాంట్రోల్ అందరినీ ఓడించగలడని ఆ బ్యాలెట్లే చెప్పాయి. మొదటి ప్రాధాన్యాలు చాలక ఆయన చివరి రౌండుకు ముందే తప్పుకోవాల్సి వచ్చింది, బాబ్ కిస్ గెలిచాడు. మరుసటి ఏడాదే నగరం ఆ పద్ధతిని రద్దు చేసుకుంది. ఆ ఫలితానికి కారణం ర్యాంకులు కాదు, అభ్యర్థులను తొలగించుకుంటూ పోయే లెక్క. పేరులో ర్యాంకులే ఉంటే ఈ తేడా జనానికి ఎలా చెప్పాలి? తొలగింపు సంగతి కూడా పేరులో ఉండాల్సింది.

పద్ధతులకు బోర్డా, కాండోర్సే అంటూ కనిపెట్టినవాళ్ల పేర్లు పెడితే ఓటరుకు అసలేమీ తెలియదు. 1970లలో స్థిరపడిన 'అప్రూవల్ ఓటింగ్' నయం: నచ్చినవాళ్లందరికీ టిక్ పెట్టడమే. 'రేంజ్ ఓటింగ్' అనేదాన్ని ఇప్పుడు చాలామంది 'స్కోర్ ఓటింగ్' అంటున్నారు. రేంజ్ అంటే ఏ అంకె నుంచి ఏ అంకె దాకా అన్న హద్దు మాత్రమే. స్కోర్ అనగానే ఒక్కొక్కరికీ మార్కులు వేయాలని తెలిసిపోతుంది.