పిల్లలకోడి చుట్టూ పొగ

మందస దగ్గర మా బావమరిది జీడితోటలో ఎనిమిదేళ్లుగా చుక్కల ఫొటోలు తీస్తున్నాను. ఇన్నాళ్లూ నా దగ్గర ఉన్నది ఎనిమిది అంగుళాల అద్దం టెలిస్కోపు. 1668లో న్యూటన్ చేసిన పద్ధతే: గొట్టం అడుగున పుటాకార దర్పణం, పైన ఏటవాలుగా ఇంకో చిన్న అద్దం. ఈ ధనుర్మాసంలో మొదటిసారి 80 మిల్లీమీటర్ల లెన్సు టెలిస్కోపు పట్టుకెళ్లాను.

"ఏటి బావా, ఈపాలి గొట్టం సిన్నదైపోనాది?" అన్నాడు డిక్కీలోంచి అందుకుంటూ. పాతదాన్ని దింపాలంటే ఇద్దరం పట్టాలి. ఇది చంకలో పెట్టుకోవచ్చు.

చిన్నదైతే వెలుతురు తక్కువ పడదా అంటే, పడుతుంది. పాత అద్దం వైశాల్యం ఈ లెన్సుకి ఆరు రెట్ల పైమాటే. అయినా మార్చానంటే కారణం స్పీడ్ బ్రేకర్లు. అద్దం ఒక డిగ్రీ వాలితే తిరిగొచ్చే కిరణం రెండు డిగ్రీలు పక్కకి పోతుంది. శ్రీకాకుళం నుంచి ఆ కుదుపులన్నీ తిని వచ్చిన అద్దాలని స్క్రూలు తిప్పుతూ మళ్లీ ఒక వరసకి తేవాలి. దీన్ని కొలిమేషన్ అంటారు. చీకట్లో, దోమల మధ్య అరగంట పని. లెన్సుకి ఈ బాధ లేదు. కాంతి దానిలోంచి దాటిపోతుంది గనక, లెన్సు రవ్వంత వాలినా కిరణం దాదాపు తన దారినే పోతుంది.

లెన్సుతో వచ్చే తంటా రంగులది. గాజు నీలాన్ని ఎరుపు కంటే ఎక్కువ వంచుతుంది. అన్ని రంగులూ ఒకే చోట కలవవు, చుక్క చుట్టూ ఊదా అంచు మిగులుతుంది. న్యూటన్ అద్దం వైపు వెళ్లింది అందుకే. తర్వాత రెండు రకాల గాజుల్ని జతచేసి ఆ తేడాని చాలావరకు సరిదిద్దారు. 1758లో లండన్‌లో డాలండ్ దానికి పేటెంటు తీసుకున్నాడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటుతుంటే మన విశాఖలో అంకితం వెంకట నరసింగరావు చూసింది కూడా లెన్సు టెలిస్కోపుతోనే. ఇప్పుడు రంగుల్ని తక్కువగా విడదీసే ఈడీ గాజు వచ్చాక ఆ ఊదా అంచు దాదాపు కనబడదు.

ఆ రాత్రి గురిపెట్టింది కృత్తికలకి, అదే పిల్లలకోడికి. ఆ గుంపు ఆకాశంలో రెండు డిగ్రీల మేర ఉంటుంది, అంటే నాలుగు నిండు చందమామలు పక్కపక్కన పెట్టినంత. పాతదాని నాభ్యంతరం, అంటే అద్దం నుంచి బొమ్మ కుదిరే చోటికి దూరం, వెయ్యి మిల్లీమీటర్లు. అది ఎంత ఎక్కువైతే ఫొటోలో అంత తక్కువ ఆకాశం పడుతుంది. నా కెమెరాలో డిగ్రీంపావు వెడల్పే పట్టేది, కోడి వస్తే పిల్లలు తెగిపోయేవి. కొత్తదాని నాభ్యంతరం 480. గుంపంతా పట్టి, చుట్టూ ఇంకా చోటు మిగిలింది.

రెండేసి నిమిషాల ఎక్స్‌పోజర్లు. పదో ఫొటోకల్లా చుక్కల చుట్టూ నీలం పొగలా కనబడింది. అక్కడ నిజంగానే ధూళి మేఘం ఉంది, చుక్కల వెలుగుని చెదరగొట్టి నీలంగా మెరుస్తుంది. దొరికిందని మురిసిపోయాను. ఇరవయ్యో ఫొటోలో పొగ ఇంకా పెరిగింది. ధూళి మేఘం ఇరవై నిమిషాల్లో పెరగదు కదా! పైగా మూలనున్న అనామక చుక్కలకి కూడా అదే పొగ. లేచి లెన్సు మీద టార్చి వేశాను. మంచు పట్టేసింది.

తెల్లారేసరికి ఆరుబయట బండి సీటు తడిసిపోతుంది, పక్కనే పాకలో ఉన్నది పొడిగా ఉంటుంది. ఆకాశానికి ఎదురుగా ఉన్న వస్తువు తన వేడిని పైకి వదిలేసి గాలి కంటే చల్లబడుతుంది, అప్పుడు గాలిలో తేమ దాని మీద నీరవుతుంది. అద్దం గొట్టం అడుగున, పాకలో ఉన్నట్టు ఉండేది. లెన్సు ఆరుబయట సీటు. ఎనిమిదేళ్లు అద్దంతో ఉండి ఈ సంగతే మరిచాను. ఇప్పుడు లెన్సు చుట్టూ పవర్‌బ్యాంకుతో వెచ్చబడే పట్టీ చుడుతున్నాను. గాలి కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువుంటే చాలు.

మర్నాటి రాత్రి ఫొటో బాగా కుదిరింది. బావమరిది ఫోన్లో పెద్దది చేసి చూసి, "పాత ఫొటోల్లో సుక్కలకి ముళ్లుండేవి కదా, అయ్యే బాగున్నాయి" అన్నాడు. అవి చిన్న అద్దాన్ని నిలబెట్టే రేకుల అంచుల దగ్గర కాంతి వంగడం వల్ల వచ్చేవి. లెన్సులో అడ్డేమీ లేదు, ముళ్లూ లేవు. లెన్సు ముందు సన్నని దారాలు రెండు అడ్డంగా కడితే వస్తాయి. వచ్చే అమావాస్యకి బారువలో వలలకి వాడే నైలాన్ దారం కొంచెం తెమ్మని తనకే చెప్పాను.