ఫోన్‌లో సెన్సర్ ఎక్కడుందో గిర్రున తిప్పి చూద్దాం

తిరిగే స్టూలు ఒకటి తెచ్చి, సరిగ్గా నడిమధ్యన ఫోన్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, టేపు వేసి, త్వరణాన్ని గీతగా చూపే యాప్ తెరిచి, గిర్రున తిప్పండి. ఇరుసు మీద ఉన్న వస్తువుకి వ్యాసార్ధం సున్నా. అంటే అభికేంద్ర త్వరణం (గుండ్రంగా తిరిగే వస్తువుకి ఇరుసు వైపుగా ఉండే త్వరణం) కూడా సున్నా రావాలి. తీరా చూస్తే స్క్రీన్ మీద గీత లేచి కూర్చుంటుంది. "యాప్ పాడైంది సార్" అంటారు పిల్లలు. యాప్‌కేం కాలేదు.

ఫోన్‌లోని త్వరణమాపకం (యాక్సిలరోమీటర్), అంటే మనం వెతికే సెన్సర్, ఏం కొలుస్తుందో ముందు తేల్చుకోవాలి. బల్ల మీద కదలకుండా ఉన్న ఫోన్‌లో అది 9.8 మీ/సె² చూపిస్తుంది. అదే ఫోన్ చేతిలోంచి జారి కింద పడుతున్నంతసేపూ దాదాపు సున్నా చూపిస్తుంది. (పరుపు మీద పడేలా చూసుకోండి. నాన్నగారి ఫోన్‌తో అసలే వద్దు.) వింతగా ఉన్నా కారణం తేలికే. లోపల అతి సన్నని సిలికాన్ స్ప్రింగుల మధ్య ఓ చిన్న సిలికాన్ ముద్ద ఉంటుంది. దానికి దువ్వెన పళ్లలాంటి పలకలుంటాయి. ఫోన్‌ను ఎటైనా నెడితే ముద్ద కాస్త వెనకబడుతుంది, పలకల మధ్య ఖాళీ మారుతుంది, దాంతో కెపాసిటెన్స్ (పలకలు విద్యుదావేశాన్ని పట్టి ఉంచే సామర్థ్యం) మారుతుంది. గురుత్వం ఫోన్‌నీ ముద్దనీ కలిపే లాగుతుంది కాబట్టి దానివల్ల ఆ ఖాళీ మారదు. బల్ల పైకి నెట్టడం మాత్రమే సెన్సర్‌కి తెలుస్తుంది.

ఫోన్‌ను వెల్లకిలా పెట్టి తిప్పమనడం అందుకే. ఆ 9.8 అంతా నిలువు అక్షంలోకి పోతుంది. అడ్డంగా ఉన్న రెండు అక్షాలూ, అంటే ఎక్స్, వై, తిరగడం వల్ల వచ్చే త్వరణాన్నే చెబుతాయి.

పార్కులో పిల్లల రంగులరాట్నం నాలుగు సెకన్లకో చుట్టు తిరుగుతోందనుకోండి. ఇరుసుకి 1.2 మీటర్ల దూరంలో పెట్టిన ఫోన్ దాదాపు 3 మీ/సె² చూపిస్తుంది, 40 సెంటీమీటర్ల దగ్గరైతే 1. చుట్టు పట్టే కాలం ఇద్దరికీ ఒకటే అయినా, అంచున కూర్చున్నవాడే కడ్డీని గట్టిగా పట్టుకునేది ఇందుకే. ఇంకో సంగతి: బయటికి విసిరేస్తున్నట్టు మనకి అనిపించినా, సెన్సర్ చూపే దిశ ఎప్పుడూ లోపలికే, ఇరుసు వైపే.

జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఈ పనికి బాగుంటుంది. ఫోన్‌లో గైరోస్కోప్ కూడా ఉంటే కోణీయ వేగాన్ని (సెకనుకి ఎంత కోణం తిరుగుతోందో, రేడియన్లలో) అదే కొలుస్తుంది. త్వరణానికీ కోణీయ వేగానికీ గ్రాఫ్ గీస్తే వంపు వస్తుంది. కోణీయ వేగం వర్గంతో గీస్తే సరళరేఖ. ఆ రేఖ వాలు ఎంతో వ్యాసార్ధం అంతే, స్కేలు పెట్టి కొలవక్కర్లేదు. స్టూలును తోస్తున్నప్పటి రీడింగులు మాత్రం వదిలేయండి. వేగం పెరిగేటప్పుడు స్పర్శరేఖ దిశలో ఇంకో త్వరణం వచ్చి కలుస్తుంది. చెయ్యి తీసేశాక స్టూలు తనంతట తాను నెమ్మదిస్తుంటే రకరకాల వేగాల దగ్గర రీడింగులు వాటంతటవే వస్తాయి.

ఇక మన 'పాడైన' యాప్ దగ్గరికొద్దాం. ఇరుసు మీద ఉన్నది ఫోన్ మధ్యభాగం, సెన్సర్ కాదు. సెన్సర్ సర్క్యూట్ బోర్డు మీద ఎక్కడో మూలకి ఉంటుంది. కోణీయ వేగం సెకనుకి 8 రేడియన్లు ఉన్నప్పుడు ఎక్స్ అక్షంలో మైనస్ 1.28, వైలో మైనస్ 3.84 మీ/సె² వచ్చాయనుకుందాం. రెండింటినీ 8 వర్గమైన 64తో భాగిస్తే 2 సెంటీమీటర్లు, 6 సెంటీమీటర్లు. మైనస్ గుర్తులు త్వరణం ఎడమకీ కిందికీ ఉందంటున్నాయి, అంటే సెన్సర్ దానికి ఎదురు దిక్కున ఉన్నట్టు: మధ్య నుంచి కుడికి 2, పైకి 6. ఫోన్ విప్పకుండానే లోపలి సెన్సర్ జాడ దొరికింది! మోడల్‌ని బట్టి జవాబు మారుతుంది కాబట్టి సీనియర్ల రికార్డు చూసి దించేసే వీలు కూడా లేదు.

ఉత్సాహం ఎక్కువై సీలింగ్ ఫ్యాన్‌కో వాషింగ్ మెషిన్‌కో కట్టేరు, జాగ్రత్త. నిమిషానికి 1200 చుట్లు తిరిగే డ్రమ్ముకి పావు మీటరు వ్యాసార్ధం ఉంటే, అంచు దగ్గర త్వరణం గురుత్వానికి 400 రెట్లు. అంత కొలవడం ఫోన్ సెన్సర్ వల్ల కాదు, ఫోన్ కూడా మిగలదు.

దొరికిన చోట పెన్నుతో చుక్క పెట్టి, ఆ చుక్క సరిగ్గా ఇరుసు మీదికి వచ్చేలా ఫోన్‌ను జరిపి మళ్లీ తిప్పండి. స్టూలు ఎంత జోరుగా తిరిగినా ఈసారి గీత సున్నాని పట్టుకునే పాకుతుంది.