శిబ్లీగంజ్ జామియా: ప్రభుత్వాలు మారినా అదే పాఠం

హైదరాబాద్‌లో ఉంటూ జామియా నిజామియా పేరు వినని తెలుగువాళ్లు తక్కువే. కానీ విన్నది ఎక్కువగా ఫత్వా, అంటే మతపరమైన ప్రశ్నకు పండితుడిచ్చే అభిప్రాయం, గురించిన వార్తల్లోనే. 2018లో రొయ్యలు తినడం తగదని అక్కడి ముఫ్తీ (ఫత్వా ఇచ్చే పండితుడు) చెప్పినప్పుడు ఊరంతా దాని గురించే మాట్లాడుకుంది. పాతబస్తీ శిబ్లీగంజ్‌లో ఉన్న ఆ విద్యాసంస్థకు ఒకటిన్నర శతాబ్దాల చరిత్ర ఉందన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు.

1872లో దాన్ని స్థాపించింది మౌలానా అన్వారుల్లా ఫారూఖీ. ఆయన పుట్టిన కంధార్ ఇప్పుడు మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో ఉంది, అప్పుడు నిజాం రాజ్యంలోది. మొదట రెవెన్యూ శాఖలో పనిచేశారు. ఇస్లాం వద్దనే వడ్డీ లావాదేవీల కాగితాలు రాయాల్సి రావడంతో ఆ ఉద్యోగం వదిలేశారని శిష్యపరంపర చెప్పుకుంటుంది. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు చదువు చెప్పారు. ఫజీలత్ జంగ్ అనే బిరుదు పొందారు. రాజ్యంలో ధార్మిక వ్యవహారాల శాఖ కూడా ఆయన చేతికే వచ్చింది. అరబ్బీ రాతప్రతులను అచ్చువేసే దాయిరతుల్ మఆరిఫ్ 1888లో మొదలవడం వెనక ఉన్నవారిలో ఆయనా ఒకరు. 1918లో కన్నుమూశారు. సమాధి జామియా ఆవరణలోనే ఉంది.

నిజామియా అనగానే మనకు నిజాం గుర్తొస్తాడు. అక్కడి చదువుకు మూలమైన దర్సె నిజామీ పాఠ్యక్రమానికి మాత్రం ఆ పేరు లక్నో ఫిరంగీ మహల్ పండితుడు ముల్లా నిజాముద్దీన్ వల్ల వచ్చింది. ఆయన 1748లోనే చనిపోయారు. అంటే ఈ పాఠం వయసు జామియా కంటే పెద్దది. మౌల్వీ, ఆలిమ్, ఫాజిల్, కామిల్ అంటూ మెట్లు మెట్లుగా సాగే ఈ చదువులో ఖురాన్ వ్యాఖ్యానం, హదీసు (ప్రవక్త మాటలు, చేతల సంకలనం), ధర్మశాస్త్రం, అరబ్బీ వ్యాకరణం ఉంటాయి.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. మరుసటి ఏడాది ఆగస్టులో జాగీర్లు, అంటే నిజాం ఇచ్చిన భూముల మీద శిస్తు వసూలు హక్కులు, రద్దయ్యాయి. రైతుకు అది న్యాయమే. అయితే మతవిద్యకు విరాళాలిచ్చే పెద్ద చేతులు కూడా ఆ జాగీర్దార్లవే. ఆ దెబ్బ చిన్నది కాదు.

ఆ రోజుల్లో చెదిరిపోయిన జీవితాల్లో జామియాలో చదివిన ముహమ్మద్ హమీదుల్లా జీవితం ఒకటి. 1908లో హైదరాబాద్‌లో పుట్టి, జర్మనీలో, ఫ్రాన్స్‌లో డాక్టరేట్లు చేసి, ఉస్మానియాలో పాఠాలు చెప్పిన మనిషి. 1948లో హైదరాబాద్ తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బృందంలో ఉన్నారు. తిరిగి రాలేదు. దశాబ్దాలపాటు ఏ దేశానికీ పౌరుడు కాకుండా పారిస్‌లోనే ఉండిపోయి, 1959లో ఖురాన్‌ను ఫ్రెంచ్‌లోకి తెచ్చారు. శిబ్లీగంజ్‌లో నేర్చిన అరబ్బీ అలా పారిస్ పాఠకులకు చేరింది. నాకు ఈ కథలో అన్నిటికంటే మనసును తాకేది ఇదే.

అదే కాలంలో ఉస్మానియా రూపు మారిపోయింది. బోధన ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మళ్లింది. ముస్లిం విద్యార్థులకు తప్పనిసరిగా ఉండిన మతపాఠం పోయింది. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే సంస్థలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది కాబట్టి అది సహజమే. 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కిచ్చింది. జామియా తన పాఠం మార్చుకోకుండా నిలబడింది ఆ నీడలోనే. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 2014లో తెలంగాణ వచ్చింది, పాఠ్యక్రమానికి వెన్నెముక మాత్రం అదే.

మారిందల్లా ఫత్వా వెనక ఉన్న బలం. నిజాం కాలంలో ఖాజీకి (మతచట్టం ప్రకారం తీర్పు చెప్పే న్యాయాధికారి), ముఫ్తీకి ప్రభుత్వంలో హోదా ఉండేది. ఫత్వాకు చట్టబలం లేదని, ఎవరూ దానికి కట్టుబడి ఉండనక్కర్లేదని 2014 జులైలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఇవాళ ఆస్తి పంపకం గురించో తలాక్ గురించో ముఫ్తీని అడగడానికి వచ్చే మనిషి నమ్మకంతో వస్తాడు, భయంతో కాదు. జామియాకు ఇదే ఎక్కువ గౌరవమని నేను అనుకుంటాను.

అసలు టెన్షన్ ఇప్పుడు సర్టిఫికెట్ గురించి. జామియా అనే అరబ్బీ మాటకు విశ్వవిద్యాలయమనే అర్థం. కానీ 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చట్టం ప్రకారం ఆ హోదా, డిగ్రీలిచ్చే అధికారం ఎవరికి పడితే వారికి రావు. గుర్తింపు కోసం సిలబస్ మార్చుకోవాలా, పాఠం కోసం గుర్తింపు వదులుకోవాలా అన్న చర్చ మదర్సాల్లో ఎప్పటి నుంచో ఉంది. డబ్బు సంగతీ అంతే. జకాత్ (తప్పనిసరి మతదానం), విరాళాలు, బక్రీద్‌నాడు జనం ఇచ్చే బలి పశువుల తోళ్లు నగర మదర్సాలకు ఆధారం. కొన్నేళ్లుగా తోళ్ల ధర పడిపోయింది. మసీదులో ఇమాం జీతంతో ఇల్లు గడవడమూ కష్టమే. అందుకే మదర్సాల్లో చదివే పిల్లల్లో కొందరు పగలు హదీసు చదువుకుంటూ, రాత్రి ఓపెన్ స్కూల్ పదో తరగతి లెక్కలు చేసుకుంటున్నారు.