పిల్లల కోసం ఇంటి కథలు: అపోహలు, వాస్తవాలు

పిల్లలకు కథలు రాయడం, రాసినవాటిని బళ్లకు తీసుకెళ్లి చదివి వినిపించడం నా పని. ఎక్కువగా ఇంటి కథలే రాస్తాను. పండగలు, అలకలు, తమ్ముడు పుట్టడం, పన్ను ఊడటం, తాతయ్య లేకపోవడం, ఇలాంటివి. ఈ కథల గురించి తల్లిదండ్రులు, టీచర్లు, కొత్తగా రాస్తున్నవాళ్లు నాతో పదే పదే అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో సగం నేనూ మొదట్లో నమ్మాను.

అపోహ: చివర నీతి లేకపోతే అది పిల్లల కథ కాదు

తెలుగు పిల్లలందరికీ తెలిసిన కథ ఒకటి చెప్పమంటే చాలామంది ఏడు చేపల కథే అందుకుంటారు. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఒకటి ఎండలేదు. ఎందుకని అడుగుతూ పోతే గడ్డిమోపు అడ్డొచ్చింది, గడ్డిని ఆవు మేయలేదు, ఆవును పాలేరు విప్పలేదు, పాలేరుకు అవ్వ బువ్వ పెట్టలేదు, పిల్లాడు ఏడుస్తుంటే అవ్వకు వీలు కాలేదు, పిల్లాణ్ని చీమ కుట్టింది. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంది చీమ. అంతే, కథ అయిపోయింది. ఇందులో నీతి ఎక్కడుంది? చంటిపిల్లాడు ఏడుపు అందుకుంటే ఇంట్లో ఎన్ని పనులు ఆగిపోతాయో బాగా తెలిసిన ఎవరో అల్లిన కథ ఇది. ఏ బడిలో చెప్పినా "నా బంగారు పుట్టలో" దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా నాకంటే ముందే అరుస్తుంది.

బేతాళ కథలే చూడండి. 1947 జులైలో మొదలైన చందమామ దశాబ్దాల పాటు నెలనెలా వాటిని ఇళ్లకు చేర్చింది. బేతాళుడు కథ చెప్పి ఉపదేశం చేయడు, ప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు నోరు విప్పేలోపు వింటున్నవాళ్లు తమ జవాబు తాము వెతుక్కుంటారు.

"మరి పంచతంత్రం?" అంటారు. చిన్నయసూరి 1853లో మిత్రలాభం, మిత్రభేదాలను తెలుగులో రాసినప్పుడు పుస్తకానికి నీతిచంద్రిక అని పేరు పెట్టిన మాట నిజమే. కానీ పంచతంత్రంలో విష్ణుశర్మ ముగ్గురు రాకుమారులకు ఆరు నెలల్లో నేర్పింది రాజనీతి, బతకనేర్చిన తెలివి. ఎవరిని నమ్మాలి, ఎవరితో జాగ్రత్తగా ఉండాలి, ఎప్పుడు తప్పుకోవాలి అన్నది. పెద్దల మాట వినండి, అల్లరి చేయకండి అనే అర్థాన్ని నీతి అనే మాటకు మనం తర్వాత తగిలించాం.

నా చిత్తుప్రతుల్లో చివరి పేరా కొట్టేశాక కథ బాగుపడటం ఎన్నోసార్లు చూశాను. "ఆ రోజు నుంచి చిన్ని ఎప్పుడూ అబద్ధం ఆడలేదు" అని చదివితే ఒక్క పిల్లా నమ్మదు.

అపోహ: కుటుంబ కథ అంటే పెంకుటిల్లు, ఉమ్మడి కుటుంబం, సెలవుల్లో అమ్మమ్మ ఊరు

అది మన బాల్యం. అందులో నాకూ బోలెడంత ప్రేమ ఉంది. కానీ ఇప్పుడు నా ముందు కూర్చునే పిల్లల్లో అమ్మ నైట్ డ్యూటీకి వెళ్లేవాళ్లున్నారు, నాన్న గల్ఫ్‌లో ఉన్నవాళ్లున్నారు, అమ్మమ్మే అమ్మయి పెంచుతున్నవాళ్లున్నారు. ఒకసారి "మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా?" అని అడిగితే రెండో తరగతి పాప వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. "అమ్మ, నేను, తమ్ముడు, ఫోన్లో నాన్న." పక్కన ఎవరూ నవ్వలేదు, మరో ఇద్దరు వాళ్ల లెక్కల్లోనూ ఫోన్లో నాన్నను కలుపుకున్నారు. ఆ పాప ఇల్లు ఎందులోనూ తక్కువ కాదు. ఆ ఇంటి కథ ఆ పాపకు పుస్తకంలో దొరకాలి.

ఆ తర్వాత పన్ను ఊడిన కథ ఒకటి రాశాను. ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరమని నాయనమ్మ వీడియో కాల్‌లో చెబుతుంది. వీళ్లుండేది అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. పేడ దొరకదు. కప్పు అనుకుంటే అది పై ఫ్లాటువాళ్ల నేల! అక్కడ ఆపి "ఇప్పుడేం చేద్దాం?" అన్నాను. వాచ్‌మన్ గది రేకుల మీదికి విసురుదామని ఒకరు, లిఫ్టెక్కి టెర్రస్ మీద పెట్టి వద్దామని ఒకరు, కొరియర్‌లో నాయనమ్మకే పంపిద్దామని ఒకరు. ఇరవై నిమిషాలు నాకు మాట్లాడే సందు దొరకలేదు.

ఒక చిన్న విషయం. అమ్మ అనగానే వంటింట్లో, నాన్న అనగానే పేపరు చేతిలో పట్టుకుని బొమ్మల్లో వచ్చేస్తారు. ఆర్టిస్టులకు ఇప్పుడు ముందే చెప్పుకుంటున్నాను.

అపోహ: సంప్రదాయం తెలియాలంటే పండగ గురించి అంతా వివరించాలి

భోగిపళ్ల మీద నేను రాసిన మొదటి కథలో అన్నీ ఉన్నాయి. ఆ రోజు ఎందుకు పోస్తారు, రేగుపళ్లే ఎందుకు, ఏ పాట పాడాలి, దిష్టి అంటే ఏమిటి, అన్నీ వరసగా. మూడో పేజీకి పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

మళ్లీ రాసినప్పుడు ఒక అక్కను తీసుకున్నాను. నిరుటిదాకా రేగుపళ్లు, చిల్లర డబ్బులు, పూలరేకులు తన తల మీద పోశారు. ఈ ఏడాది చెల్లి కుర్చీలో కూర్చుంది. "నువ్వు పెద్దదానివయ్యావు కదమ్మా, నువ్వు కూడా చెల్లికి పొయ్యి" అంటుంది పిన్ని. గుప్పెట్లో పళ్లు నలుగుతున్నాయి. కింద దొర్లే రూపాయి బిళ్లల కోసం మిగతా పిల్లలు ఎగబడుతున్నారు. తను వాళ్లతో ఏరుకోవాలా, పెద్దవాళ్లతో నిలబడి పొయ్యాలా? కథంతా ఆ రెండు నిమిషాలే. ఇప్పుడు రేగుపళ్లే ఎందుకని పిల్లలే అడుగుతున్నారు, ఇంటికెళ్లి నాయనమ్మను కూడా అడుగుతున్నారు.

బతుకమ్మ గురించి రాసినా ఇదే పద్ధతి. తెల్లటి గునుగు పూల కొసలకు రంగులద్దాక ఆ రంగు నాలుగు రోజులు వేళ్లకే ఉంటుంది. పిల్లలకు పండగ అక్కడ మొదలవుతుంది. ఇంకో మాట. సంప్రదాయం అనగానే ఒక రకం ఇళ్లే రాసేస్తాం. ఊళ్లో అందరూ కలిసి చేసుకునే పీర్ల పండగ, డిసెంబరులో గుమ్మం మీద వెలిగే స్టార్ కూడా ఇక్కడి పిల్లల ఇంటి సంగతులే.

అపోహ: ఫోన్లొచ్చాక పిల్లలు కథలు వినడం మానేశారు

చెప్పేవాళ్లు తగ్గారు. నేను వెళ్లిన ప్రతి బడిలో వినేవాళ్లు ఉన్నారు.

అపోహ: చావు, అప్పు, గొడవ వంటివి పిల్లల కథల్లోకి రాకూడదు

పంచతంత్రంలోని ముంగిస కథను మన ఇళ్లలో ఎన్ని తరాలుగా చెప్పుకుంటున్నామో! పాముని చంపి బిడ్డను కాపాడిన ముంగిస నెత్తుటి మూతితో ఎదురొస్తే, బిడ్డనే కొరికిందనుకుని తల్లి నీళ్ల బిందె దాని మీద పడేస్తుంది. అది కూడా ఇంటి కథే. పెద్దవాళ్లు పొరపాటు చేస్తారు, ఆ పొరపాటు దిద్దుకోవడానికి వీలు కూడా ఉండదు. పిల్లలు విని కాసేపు మాట్లాడరు, మళ్లీ చెప్పమంటారు.

తాతయ్య చనిపోయిన కథ ఒకటి చదువుతుంటే ఒక బాబు చెయ్యెత్తాడు. "మరి ఆయన కళ్లజోడు ఎవరు పెట్టుకుంటారు?" ఆ ప్రశ్న నేను రాసిన కథలో లేదు. దేవుడి దగ్గరికి వెళ్లాడు, నక్షత్రమయ్యాడు అని దాటేసే ముందు వాడి జవాబు కోసం ఆగాను. "మా ఇంట్లో బీరువా మీద ఉంది" అని వాడే చెప్పాడు. కథను తిరగరాసి కళ్లజోడు దగ్గర మొదలుపెట్టాను. జాగ్రత్త అవసరం లేదనడం లేదు. కథ అయ్యాక పక్కన కూర్చునే పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. అది లేని చోట నేనే ఈ కథ చదవను.

అపోహ: తేలిక మాటలుంటే చాలు, పిల్లల కథ ఎవరైనా రాయొచ్చు

రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను పిల్లలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనేవారు. 1945లో 'బాల' పత్రిక తెచ్చింది వాళ్లే. ఆ పిలుపు గురించి నేను తరచూ ఆలోచిస్తాను. కథ చెప్పేవాళ్లు పిల్లలకంటే నాలుగేళ్లు పెద్దయినట్టు మాట్లాడాలి, నలభై ఏళ్లు పెద్దయినట్టు కాదు. మాట తేలికా బరువా అన్నది ఆ తర్వాతి సంగతి. పని జరుగుతున్నప్పుడు వినబడితే కవ్వం, చేట, అటక ఏవైనా పిల్లలకు అర్థమవుతాయి.

కష్టమంతా చిన్న మాటల దగ్గరే ఉంది. ఇంగ్లిష్ నుంచి వచ్చే కథల్లో అంకుల్ అని ఉంటే బాబాయా, మామయ్యా, పెదనాన్నా అని తేల్చుకోకుండా తెలుగులో ఒక్క వాక్యం ముందుకు సాగదు. అంతకంటే చిన్న మాటలు 'మా', 'మన'. తమ్ముడు పుట్టిన ఇంట్లో ఒక అన్న కథ రాశాను. పుస్తకమంతా వాడు "మా అమ్మ" అనే అంటాడు. చివర్లో ఉయ్యాల దగ్గరికెళ్లి ఏడుస్తున్న తమ్ముడితో "ఏడవకురా, మన అమ్మ వస్తోంది" అంటాడు. వాడు మారాడని నేను ఇంకెక్కడా చెప్పలేదు. ప్రూఫులు తిరిగొచ్చేసరికి అంతటా ఒకేలా ఉండాలని ఎవరో ఆ 'మన'ను 'మా' అని దిద్దారు. రాత్రి ఫోన్ చేసి, ప్రెస్‌కు వెళ్లేలోపు ఆ ఒక్క మాటను మళ్లీ మార్పించాను.