గాజు పలకలో దెయ్యం

1764లో హొరేస్ వాల్‌పోల్ రాసిన 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'ను ఇంగ్లీషులో తొలి గోథిక్ నవలగా చెబుతారు. ఆ తరహా కథల్లో అసలు పాత్ర దెయ్యం కాదు, ఇల్లు. బీటలువారిన గోడ, ఏళ్లుగా తాళం పడ్డ గది, ఎటు పోతుందో తెలియని మెట్లదారి. దెయ్యం కనిపించేది ఎప్పుడో ఒకసారే. అంతదాకా పాఠకుణ్ణి పట్టి కుదిపేది ఏదో రాబోతోందన్న గుబులు. థీమ్ పార్కులో ఇలాంటి ఇల్లు కట్టేవాళ్లు ఆ గుబులునే కట్టాలి. చీకట్లోంచి ఎవరో మీదకి దూకితే కెవ్వుమంటాం, మరుక్షణం నవ్వేస్తాం. అంతటితో దాని పని అయిపోతుంది.

కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లోని హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల కొంప దీనికి మంచి పాఠం. బయటి భవనం 1963లోనే లేచినా తలుపులు తెరుచుకున్నది 1969 ఆగస్టు 9న. మొదట దీన్ని జనం నడుస్తూ చూసేలా అనుకున్నారు, తర్వాత బండ్లకు మారారు. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 15 మంది గుంపును రెండు నిమిషాలకోసారి లోపలికి వదిలితే గంటకు 450 మందే చూడగలరు. అదే ఇద్దరేసి కూర్చునే బండ్లు గొలుసుకట్టుగా, ఎక్కడా ఆగకుండా, మూడు సెకన్లకొకటి చొప్పున సాగితే గంటకు 2,400 మంది. బండి సెకనుకు అర మీటరు కదిలితే ఆరు మీటర్ల దృశ్యం 12 సెకన్లపాటు కళ్ల ముందుంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. బండి తిరిగిన వైపే మనం చూస్తాం. చెవుల దాకా వచ్చే వీపుపలక పక్క దృశ్యాన్ని మూసేస్తుంది. చూపు ఇలా అదుపులోకి వస్తేనే గాజుతో చేసే మాయ పారుతుంది.

బండి ఎక్కేముందు ఒక ఎనిమిది పలకల గది ఉంటుంది. గోడలు పైకి సాగుతాయి, పటాల్లోని మనుషుల కింద అంతవరకూ దాగి ఉన్న ప్రమాదం బయటపడుతుంది. నిజానికి ఆ గది ఓ లిఫ్టు. అసలు ప్రదర్శన జరిగే భవనం పార్కు చుట్టూ తిరిగే రైలు పట్టాలకు అవతల ఉంది, జనాన్ని పట్టాల కిందుగా దాటించాలి. ఆ అవసరాన్నే దృశ్యంగా మలిచారు. ఫ్లోరిడా డిస్నీ పార్కులోని ఇదే పేరున్న ఇంట్లో దిగాల్సిన పనిలేదు కాబట్టి అక్కడ నేల కదలదు, పైకప్పే లేస్తుంది.

ఈ గదికి మరో పని కూడా ఉంది, కళ్లను చీకటికి అలవాటు చేయడం. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. బయట నడినెత్తిన ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటుంది, లోపలి దృశ్యాల్లో కొద్ది లక్స్‌కు మించదు. కంట్లో రంగులు చూసే కోన్ కణాలు సర్దుకోవడానికి దాదాపు పది నిమిషాలు, మసక వెలుగులో చూసే రాడ్ కణాలకు అరగంట దాకా పడుతుంది. అందుకే క్యూ దారి నుంచే వెలుగును మెట్టు మెట్టుగా తగ్గించుకుంటూ రావాలి. మసక వెలుగులో రంగులూ మారిపోతాయి. ఎరుపు నల్లబడుతుంది, నీలం తేలుతుంది. పెయింటింగ్ షెడ్డులో ట్యూబులైటు కింద ఎంచిన ఎర్ర మఖమల్ తెర ప్రదర్శన దీపాల కింద బొగ్గుముద్దలా కనిపించడం ఈ పనిలో తరచూ జరిగే పొరపాటు. రంగు ఎంచేది ప్రదర్శన దీపాల కిందే కావాలి.

ఇక దెయ్యం సంగతి. రాత్రి రైల్లో కిటికీ అద్దం దించి బయటికి చూస్తే చీకటి పొలాల మీద మన ముఖమే తేలుతూ కనిపిస్తుంది. అంతే, అదే సూత్రం. 1862 డిసెంబరు 24న లండన్ రాయల్ పాలిటెక్నిక్‌లో హెన్రీ డర్క్స్ అనే ఇంజనీరు ఆలోచనకు మెరుగులు దిద్ది, ఆంగ్ల నవలాకారుడు డికెన్స్ రాసిన దెయ్యం కథ కోసం జాన్ హెన్రీ పెప్పర్ అనే శాస్త్ర ఉపన్యాసకుడు దీన్ని రంగస్థలం మీద చూపించాడు. ప్రేక్షకులకు 45 డిగ్రీల కోణంలో పెద్ద గాజు పలక. వాళ్లకు కనిపించని గుంటలో, మీద బలమైన దీపంతో, దెయ్యం వేషధారి. గాజుకు ఇవతల అతను ఎంత దూరంలో ఉంటే ప్రతిబింబం అవతల అంతే దూరంలో నిలుస్తుంది. దెయ్యం సరిగ్గా కుర్చీలోనే కూర్చోవాలంటే ఈ కొలత అంగుళం కూడా తప్పకూడదు.

మామూలు గాజు 45 డిగ్రీల దగ్గర తన మీద పడ్డ వెలుగులో సుమారు పదో వంతే వెనక్కి పంపుతుంది, మిగతాది గాజు దాటి అవతలికి పోతుంది. కాబట్టి దెయ్యం, వెనకాల గది సమానంగా కనిపించాలంటే దెయ్యం మీద దాదాపు తొమ్మిది రెట్లు వెలుగు పడాలి. అంతకంటే తగ్గించుకుంటూ పోతే పొగమంచులా పల్చబడుతుంది. దెయ్యం వేషధారి దాగిన గుంట గోడలన్నీ నల్ల మఖమల్. అక్కడ ఒక్క తెల్లటి స్క్రూ మిగిలినా అది గాలిలో తేలే చుక్కై కూర్చుంటుంది.

హాంటెడ్ మాన్షన్ నాట్యశాలలో ఇదే ఏర్పాటు, కాకపోతే పెద్దది. బొమ్మలు బండ్ల దారికి పైనా కిందా తిరుగుతుంటే, ప్రతిబింబాలు ఎదుటి హాల్లో నాట్యం చేస్తాయి. ప్రతిబింబంలో కుడిఎడమలు తారుమారవుతాయి కదా, అందువల్ల జంటల్లో మగవాడు నడిపించాల్సిన చోట ఆడవాళ్లు నడిపిస్తున్నట్టు కనిపిస్తుంది. బొమ్మలను ముందే తిరగేసి చేయించుకోవాలి. గోడ గడియారం, పుస్తకం మీది అక్షరాలు, కత్తి పట్టిన చేయి, అన్నిటికీ ఇదే నియమం.

గాజుకు రెండు ముఖాలుంటాయి, రెండూ ప్రతిఫలిస్తాయి. 6 మిల్లీమీటర్ల గాజైతే అంచుల దగ్గర దాదాపు 4.5 మిల్లీమీటర్ల జరుగుడుతో దెయ్యానికి జోడు నీడ పడుతుంది. ఇరవై అడుగుల దూరం నుంచి అది పెద్దగా తెలియదు, దగ్గరి దృశ్యంలో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అలాంటి చోట బిగించి కట్టిన పల్చటి పారదర్శక ఫాయిల్ వాడతారు. దానికి జోడు నీడ ఉండదు గానీ ఏసీ గాలి తగిలితే దెయ్యం వణుకుతుంది, వంకర్లు పోతుంది.

మయసభలో దుర్యోధనుడు స్ఫటికపు తలుపును ఖాళీ ద్వారమనుకుని నుదురు కొట్టుకున్నాడు. ఇక్కడా అంతే, గాజు ఉన్నట్టు తెలియనంతసేపే మాయ. దాన్ని పట్టించేవి చిన్నచిన్నవి. గ్లైకాల్ ద్రవంతో పొగ పుట్టించే యంత్రం వారం రోజులు నడిస్తే గాజు మీద జిడ్డు పొర పేరుకుంటుంది. విశాఖ లాంటి తీరంలో కడితే, ఏసీకి చల్లబడ్డ గాజు మీదికి పొద్దున తలుపు తీయగానే ఉక్క గాలి వచ్చి చెమ్మ పడుతుంది. వెనక గోడ మీది పచ్చటి ఎగ్జిట్ దీపం గాజులో ప్రతిఫలించి శ్మశానం మధ్య వెలుగుతుంది. ఆ దీపాన్ని తీసేయకూడదు, గాజులో ప్రేక్షకులకు కనిపించని కోణంలోకి మార్చాలి.

తీసేయకూడదని అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1984 మే 11న న్యూజెర్సీలోని ఒక పార్కులో, ట్రైలర్లను కలిపి కట్టిన హాంటెడ్ కాజిల్‌లో మంటలు లేచి ఎనిమిది మంది టీనేజర్లు చనిపోయారు. లోపల ఫోమ్ ఉంది, స్ప్రింక్లర్లు లేవు. దయ్యాల కొంపలో పొగ వస్తే ఆటలో భాగమనే జనం అనుకుంటారు. అందుకే ఇప్పటి అమెరికా నిబంధనల ప్రకారం పొగను పసిగట్టగానే దీపాలన్నీ వెలగాలి, గలాటా చేసే శబ్దాలు ఆగిపోవాలి, బయటి దారి స్పష్టంగా కనిపించాలి. పొగ యంత్రానికి పొరపాటున మోగని డిటెక్టర్లను ఎంచుకోవాలే తప్ప, మోగుతున్నాయని వాటిని ఆపేయడం నేరంతో సమానం.

దీపాలన్నీ వెలిగాక పరుగెత్తే జనానికి గాజు అప్పుడూ కనిపించదు. అందుకే అది పగిలినా ముక్కలు పొరకే అతుక్కుని ఉండే లామినేటెడ్ గాజు కావాలి, దాని ముందు నడుమెత్తు కమ్మీ ఉండాలి. ప్రతి ఉదయం పార్కు తెరవకముందు సిబ్బంది ఒకరు అలారం మీట నొక్కాలి, ఇంకొకరు నాట్యశాల మధ్యలో నిలబడి, చిట్టచివరి మూల కూడా కనిపించేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. ఆ తర్వాతే గాజు తుడవాలి, అదీ పీచు రాలని గుడ్డతో, పైనుంచి కిందికి.