గడ్డకట్టే చివరి క్షణాల్లో పడే బీట: అల్యూమినియం పోత వెనుక లెక్కల చరిత్ర

అల్యూమినియం దిమ్మె పోతలో ఉండగానే నిలువునా పగిలితే దానికి మరమ్మతు ఉండదు. తిరిగి కొలిమిలో వేయడమే. విమాన భాగాలకు వాడే గట్టి మిశ్రమ లోహాల్లో ఈ బెడద మరీ ఎక్కువ. లోహం పోయకముందే కంప్యూటర్‌లో లెక్కగట్టి, పగులు వస్తుందో రాదో తేల్చాలన్నది పరిశోధకుల చిరకాల కోరిక. అది ఇప్పటికి సగమే తీరింది. మిగతా సగం ఎందుకు తీరలేదో తెలియాలంటే 1930ల దాకా వెనక్కి వెళ్లాలి.

అంతకుముందు కరిగిన లోహాన్ని అచ్చులో పోసి, చల్లారేదాకా వదిలేసేవారు. 1930ల్లో అమెరికాలోనూ జర్మనీలోనూ దాదాపు ఒకే కాలంలో డైరెక్ట్ చిల్ పద్ధతి రూపుదిద్దుకుంది. అమెరికాలో ఆల్కోవా సంస్థకు చెందిన విలియం ఎన్నర్ పేరిట 1942లో పేటెంట్ వచ్చింది. ఇందులో అచ్చు పొట్టిగా, అడుగు లేకుండా ఉంటుంది. కింద ఆనించిన దిమ్మ మెల్లగా దిగుతూ లోహాన్ని వెంట తీసుకుపోతుంది. బయటికి వచ్చిన లోహం మీద నేరుగా నీళ్లు పడతాయి. రేకులుగా సాగదీసే రోలింగ్‌కు, అచ్చు రంధ్రంలోంచి నెట్టి రూపమిచ్చే ఎక్స్‌ట్రూజన్‌కు వెళ్లే అల్యూమినియంలో చాలా భాగానికి నేటికీ ఇదే దారి.

పగులుకు దారితీసేది కూడా ఆ నీళ్లే. పైపొర ముందే గట్టిపడుతుంది, నడుమ ఇంకా ద్రవమే ఉంటుంది. ఆ నడిమి భాగం తన వంతుగా గట్టిపడుతూ కుంచించుకోబోతే, అప్పటికే బిగిసిన పైపొర దాన్ని కదలనివ్వదు. నడుమ లాగుడు మొదలవుతుంది. బిల్లెట్లు అనే గుండ్రటి పొడవాటి దిమ్మెల్లో పగుళ్లు తరచుగా కేంద్రంలోనే పడటానికి ఇదే కారణం. పోత వేగం పెంచితే ద్రవపు గుంట లోతవుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది.

అయితే లాగుడు ఒక్కటే పగులును తేల్చదు. గడ్డకట్టేటప్పుడు అల్యూమినియం ఘనపరిమాణం సుమారు 6 శాతానికి పైగా తగ్గుతుంది, ఆ లోటును ద్రవమే వచ్చి పూడ్చాలి. ఘనభాగం 90 శాతం దాటాక స్ఫటిక రేణువుల మధ్య మిగిలేది సన్నటి ద్రవపు పొర. కొత్త ద్రవం అక్కడికి చేరడం కష్టం. ఆ పొర దేన్నీ మోయలేదు, రేణువులు ఇంకా ఒకదానికొకటి అతుక్కోలేదు. సరిగ్గా అప్పుడే లాగితే బీట పడుతుంది. సిలికాన్ బాగా ఉన్న మిశ్రమాల్లో చివరిదాకా ద్రవం పుష్కలంగా మిగలడం వల్ల బీట పడ్డా పూడుకుపోతుంది. రాగి కలిపిన మిశ్రమాలకు ఆ అదృష్టం తక్కువ.

అమెరికా నౌకాదళ పరిశోధనశాలకు చెందిన పెల్లిని 1952లో చూపు తిప్పింది ఈ పొర వైపే. లోహానికి బలం ఎంత అని కాదు, ఆ పొర మీద ఎంత సాగుదల పడుతోంది అని అడగాలన్నాడు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు అదే. ఆ తర్వాత 1977లో ఫోయరర్ అనే పరిశోధకుడు, ద్రవం లోటు పూడ్చే వేగాన్ని లోహం కుంచించుకునే వేగంతో పోల్చాడు. మరి కొన్నేళ్లకే బ్రిటన్‌లో క్లైన్, డేవిస్ కాలాన్ని కొలబద్దగా తీసుకున్నారు. ఘనభాగం 90 నుంచి 99 శాతానికి చేరే వ్యవధి ఎంత ఎక్కువైతే అంత ముప్పు అన్నారు.

మధ్యలో ఒక విచిత్రమైన పక్కదారి ఉంది. 1970ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మెర్టన్ ఫ్లెమింగ్స్ దగ్గర డేవిడ్ స్పెన్సర్ అనే విద్యార్థి ఈ పగుళ్ల కోసమే, 15 శాతం సీసం కలిపిన తగరాన్ని సగం గడ్డకట్టిన స్థితిలో తిప్పి చూశాడు. చల్లార్చాక కాకుండా చల్లారుస్తూనే తిప్పితే ఆ ముద్ద చిక్కటి ద్రవంలా తేలిగ్గా పారింది. సగం గట్టిపడ్డ లోహాన్ని అచ్చుల్లో నింపే కొత్త తయారీ విధానమే దాన్నుంచి పుట్టింది. పగుళ్ల ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు.

1980ల నుంచి కంప్యూటర్లు ఉష్ణోగ్రతలు, ప్రతిబలాలు చకచకా లెక్కగట్టసాగాయి. 1999లో స్విట్జర్లాండ్ లొసాన్‌లో రాపాజ్, డ్రెజె, గ్రెమో ఇచ్చిన ప్రమాణం ఆ లెక్కలకు భౌతికమైన పునాది వేసింది. రేణువులు దూరం జరుగుతుంటే ద్రవం మధ్యలోకి పీల్చబడుతుంది, ఇరుకు దారిలో దాని పీడనం పడిపోతుంది. పీడనం ఒక హద్దు దాటి తగ్గితే శూన్యపు బుడగ ఏర్పడుతుంది, పగులుకు అదే మొదలు. అంటే ఎంత సాగింది అన్నదాన్ని మించి ఎంత వేగంగా సాగింది అన్నది ముఖ్యం.

2000ల్లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం ఇలాంటి ప్రమాణాలను 4.5 శాతం రాగి ఉన్న మిశ్రమపు పోతల మీద పరీక్షించింది. ఏ పోతకు ముప్పు ఎక్కువో, ఏ దానికి తక్కువో వరుస కట్టడంలో లొసాన్ ప్రమాణమే మెరుగ్గా నిలిచింది. ఫలానా బిల్లెట్ కచ్చితంగా పగులుతుందా లేదా అన్నది మాత్రం అదీ తేల్చలేకపోయింది. లోపం గణితంలో కన్నా కొలతల్లో ఉందని నా నమ్మకం. 95 శాతం గట్టిపడ్డ ముద్ద ఎంత లాగుడు తట్టుకుంటుందో కొలవడమే దుర్లభం, పట్టుకుని లాగేలోపే దాని స్థితి మారిపోతుంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఉన్న సింక్రోట్రాన్ (అతి తీవ్రమైన ఎక్స్‌రేలు పుట్టించే యంత్రం) వంటి చోట్ల ఎక్స్‌రే చిత్రాలతో బీట పుట్టుకను నేరుగా చూడగలిగాకే ఆ లోటు కొంత తగ్గింది.

ఇదే సమస్య ఇప్పుడు లోహపు 3డీ ప్రింటింగ్‌లో తిరిగి ఎదురైంది. విమానాల్లో వాడే 7075 అనే అల్యూమినియం మిశ్రమం లేజర్ కింద కరిగి గడ్డకట్టేటప్పుడు విపరీతంగా పగిలేది. 2017లో అమెరికాలోని హెచ్‌ఆర్‌ఎల్ పరిశోధనశాల పరిశోధకులు దాని పొడికి జిర్కోనియం నానోకణాలు పూసి, పొడవాటి రేణువుల బదులు సన్నటి గుండ్రటి రేణువులు ఏర్పడేలా చేశారు. పగుళ్లు పోయాయి. రేణువుల తీరు ఇంత కీలకం కనుకే నేటి కంప్యూటర్ నమూనాలు దిమ్మె మొత్తాన్ని ఒకే ముద్దగా చూడటంతో ఆగకుండా, రేణువుకూ రేణువుకూ మధ్య ఉన్న పొరలను విడివిడిగా లెక్కలోకి తెస్తున్నాయి.